చెడిన బోర్డును చెడినదనియే అమ్ముట



ఇంటిలోని కంప్యూటరు ఒకనాడు మీట నొక్కినను ఉలుకక పలుకక, లేదా పంకా మాత్రము గిఱ్ఱున తిరుగుచుండగా తెర వెలుగక నిలిచిపోవుటయు, దానిని సంచిలో బెట్టుకొని సర్వీసు సెంటరునకు కొనిపోగా అచ్చటి యువకుడు మూత యూడదీసి, వెలుతురునకు అటునిటు త్రిప్పి చూచి, "మదర్‌బోర్డు పోయిందండీ, రిపేరుకు పెట్టే డబ్బుతో కొత్తదే వస్తుంది" అని తేల్చి చెప్పుటయు మనలో పెక్కుమంది యెఱిగిన కథయే. క్రొత్తది వేయించుకొందుము. పాతది అట్టపెట్టెలో చేరి అటక యెక్కును. అచ్చట కొన్ని సంక్రాంతులు గడపిన పిమ్మట, ఇల్లు దులుపు సందర్భమున, అది పాత సామానులు కొనువాని తక్కెడలోనికి దిగును. ఈ అటకకును ఆ తక్కెడకును నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. చెడిన బోర్డును చెడినదనియే చెప్పి, బాగుచేయుటయందే సంతోషము గల అభిరుచిపరులకు ఉన్నది ఉన్నట్లుగా విక్రయించుట ఆ త్రోవ. నేటి ప్రసంగమున నేను ముచ్చటింపదలచినది దానిని గూర్చి.

ఇట్టివి కొనువారెవ్వరని మీకు సందేహము కలుగవచ్చును. పగలు కళాశాలకు బోయి రాత్రి సోల్డరింగు ఐరను వేడిచేయు విద్యార్థులు కొందఱు. వాల్వు రేడియోలను, తరువాత ట్రాన్సిస్టర్లను, ఆ తరువాత టేపురికార్డర్లను బాగుచేసి, ఆ విద్యకు గిరాకి తగ్గినను చేతిదురద తగ్గని పెద్దవారు కొందఱు. టెలిఫోను శాఖలో పదవీవిరమణ చేసినవారు, హ్యామ్ రేడియో వ్యసనము గలవారు మఱికొందఱు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లమీదను, కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర భాగములమ్ము అంగళ్ల యెదుటను, చెన్నపట్టణమున రిచీ వీథిలోను, బెంగుళూరు ఎస్‌.పీ. రోడ్డులోను, ఢిల్లీ నెహ్రూ ప్లేసులోను వీరు మీకు కనబడుదురు. టోక్యో నగరమున అకిహబారా అను పేట కలదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత అచ్చట వీథిప్రక్కల రేడియో భాగములమ్ము చిన్న అంగళ్లు వెలసి, పిమ్మట రైలుదారి క్రింది ఇఱుకు గదులలోనికి చేరి స్థిరపడినవి. నేటికిని ఆ పేట దుకాణములలో చెడిన వస్తువుల కొక మూల కేటాయింపబడి యుండును. అందలి వస్తువునకు అంటించిన చీటిలో 'జంక్' అని యున్నచో, పనిచేయునను హామీ లేదనియు, తిరిగి తెచ్చిన పుచ్చుకొనబడదనియు అమ్మువాడు చెప్పినట్లు, కొనువాడు వినినట్లు. ఇందులో ఒకరినొకరు మోసగించుకొనుట లేదు. బేరము ముగిసిన పిమ్మట నిష్ఠూరము లేదు.

చెడిన బోర్డు కొని వారేమి చేయుదురు? కొందఱు మూడు కొని వానిలోని భాగములతో ఒకదానిని లేపుదురు. కొందఱకు కావలసినది దానిమీది ఒక చిప్పో, ఒక సాకెట్టో, అంగడిలో దొరకని ఒక కనెక్టరో మాత్రమే. పూర్వపు ఐ.ఎస్.ఏ. స్లాటులు గల 486 తరగతి బోర్డులకైతే చిత్రమైన గిరాకి యున్నది. ఆ కాలమున కొన్న లేతు యంత్రములు, ప్రయోగశాలల కొలత యంత్రములు నేటికిని తమ పాత కార్డులతోనే నడచుచుండుటచేత, ఆ కార్డు పట్టు బోర్డు కొఱకు వర్క్‌షాపు యజమానులు ఊరూర వెదకుదురు. తక్కినవారి మాట చెప్పవలెనన్న, చచ్చినదని అందఱు విడిచినదానిని లేపుటలో కలుగు ఆనందము కొఱకే వారు కొందురు. దానికి వెల కట్టలేము, వారును కట్టరు.

ఇచ్చట నా అభిప్రాయమును దాపరికము లేక చెప్పెదను. ఇట్టి విక్రయమున మన మమ్మునది బోర్డు కాదు. ఆ బోర్డు చెడిన వృత్తాంతము. వృత్తాంతము లేని చెడిన బోర్డు తూకపు సరకు. సత్యమైన వృత్తాంతముతో గూడిన అదే బోర్డు, తెలిసినవాని చేతిలో, సగము బాగుపడిన బోర్డు. ఈ సంగతి అమ్మువారికి తోచదు; కొనువారికి బాగుగా తెలియును.

నా యొద్ద 2004వ సంవత్సర ప్రాంతపు బోర్డొకటి యుండగా దానిని చూచుటకై పాలిటెక్నిక్ చదువుచున్న కుఱ్ఱవాడొకడు వచ్చెను. వెల యెంతని అతడు మొదట అడుగలేదు. "ఒక్కసారిగా పోయిందాండీ, కొన్నాళ్లు సతాయించి పోయిందా?" అని యడిగెను. కొన్ని నెలలు సతాయించినదని చెప్పితిని. "చలికాలం పొద్దున్నే స్టార్టు కావడానికి ఇబ్బంది పెట్టేదా? ఒకసారి ఆన్ అయ్యాక బాగానే నడిచేదా?" అట్లే జరిగెడిది, ఉదయమున రెండు మూడు సారులు మీట నొక్కినగాని లేచెడిది కాదు, లేచినపిమ్మట సాయంకాలము వఱకు నడచెడిది, నడుమ నడుమ తనంతట తానే ఆగి మరల మొదలయ్యెడిది. ఆ మాట వినగానే అతని ముఖము వికసించెను. నాకు విసుగు పుట్టించిన ఆ లక్షణమే అతనికి శుభవార్త యైనది.

దానికి కారణము వినదగినది. విద్యుత్సరఫరా పెట్టెనుండి బోర్డునకు వచ్చు పండ్రెండు వోల్టుల ప్రవాహమును ప్రాసెసరు భరింపలేదు. దానికి కావలసినది ఒకటి, ఒకటిన్నర వోల్టులు మాత్రమే. అందుచేత ప్రాసెసరు ప్రక్కననే కొన్ని మాస్‌ఫెట్లును, రాగితీగె చుట్టిన కాయిల్సును, నిలువుగా నిలిచిన చిన్న స్తంభములవంటి కెపాసిటర్లును చేరి ఆ ప్రవాహమును దించి, దాని ఒడుదుడుకులను అణచి అందించును. ఆ కెపాసిటర్ల గర్భమున అల్యూమినియపు రేకును, విద్యుద్విశ్లేష్యమను ద్రవమును ఉండును. సుమారుగా 1999 మొదలు 2007 వఱకు తయారైన బోర్డులలో అసంఖ్యాకములు, కొందఱు ఉత్పత్తిదారులు వాడిన ఆ ద్రవము సరిగా కుదరనందున, అకాలమరణము పాలైనవి. ద్రవములోని నీరు అల్యూమినియమును తినివేయగా లోపల హైడ్రొజను వాయువు పుట్టి, చదునుగా నుండవలసిన తల గుమ్మటమువలె ఉబ్బి, ఆ తలపై ముందుగానే గీచియుంచిన గాట్లవెంట చిట్లి, గోధుమవన్నె పక్కు పైకి కారును. చెడిపోవుచున్న కెపాసిటరు చల్లగా నున్నప్పుడు తన పని చేయలేదు. కొంత వేడెక్కినపిమ్మట ఎట్లో నెట్టుకొనివచ్చును. చలికాలపు ఉదయమున మొరాయించుటకు మూలమిదియే. అట్టి బోర్డును లేపుటకు కావలసినది నాలుగైదు క్రొత్త కెపాసిటర్లు, సోల్డరింగు ఐరను, ఒక సాయంకాలపు తీరిక. పిడుగు పడిన రాత్రి నెట్‌వర్కు తీగెవెంట వచ్చిన విద్యుత్తుచేత టప్పుమని క్షణములో పోయిన బోర్డు కథ వేఱు. దానియందు ఎన్ని చిప్పులు మాడినవో వెదకుటకే వారము చాలదు. మీట నొక్కినప్పుడు రెండును ఒక్కతీరుగ 'డెడ్' బోర్డులే. వాని భేదమును చెప్పగలవాడు, చెడినప్పుడు దాని ప్రక్కనున్న మన మొక్కరమే.

కావున అమ్మదలచినవారు మొదట చేయవలసినది జ్ఞాపకము చేసికొనుట. పోయినప్పుడు వాసన వచ్చినదా, చప్పుడైనదా? వర్షమా, కరెంటు పోయి వచ్చినదా? మీట నొక్కిన పంకా క్షణకాలము తిరిగి ఆగుచున్నదా, తిరుగుచునే యుండి తెర మాత్రము నల్లగా నున్నదా? క్షణకాలము తిరిగి ఆగినచో ఎచ్చటనో షార్టు కలదని కొనువారూహింతురు. విడువక తిరిగినచో వారి యూహ మఱియొక దిక్కునకు పోవును. స్పీకరు కూతలిడుచున్నదా, ఇడినచో ఎట్లు? చిరకాలముగా కంప్యూటర్లు తెర వెలుగకముందే తమ రోగమును కూతలతో చెప్పుచున్నవి. 1981లో ఐ.బి.ఎమ్. వారు వెలువరించిన మొదటి పర్సనల్ కంప్యూటరు నాటినుండియు, ఒక దీర్ఘపు కూతయు వెంటనే రెండు హ్రస్వపు కూతలును వినబడినచో తెరకు సంబంధించిన కార్డునందు దోషమున్నదని సంకేతము. గురువు, లఘువు, లఘువు. ఛందస్సు చదివిన శ్రోతలు దీనిని భగణమని గుర్తించి యుందురు. ఏ కూతయు లేకుండుట గూడ ఒక వార్తయే. బాగుచేయువారు డీబగ్ కార్డు అను చిన్న పలకను స్లాటులో నుంచి, దానిమీద వెలుగు రెండక్షరముల సంకేతమునుబట్టి బోర్డు తన ఆత్మపరీక్షలో ఏ మెట్టుమీద ఆగినదో కనిపెట్టుదురు. మీకు ఆ కార్డు అక్కఱలేదు, మీ చెవులు చాలును. అన్నట్లు, ఆ ఐ.బి.ఎమ్. యంత్రముతో బాటు దాని సర్క్యూటు పటములను, బయాస్ అను లోపలి ప్రోగ్రాము పాఠమును అచ్చొత్తిన గ్రంథమును గూడ ఆ సంస్థవారు విక్రయించిరి. నేటి తయారీదారులలో పెక్కుమంది అట్టి పటములను బయట పెట్టకుండుటచేతనే, అమ్మువాని నోటిమాటకు ఇంత విలువ యేర్పడినది.

ఇక న్యాయము మాట. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము, 17వ విభాగమున, మోసమనగా నేమో వివరించుచు, తెలిసిన దోషమును బుద్ధిపూర్వకముగా కప్పిపుచ్చుట మోసమనియు, ఊరక మౌనముగా నుండుట సామాన్యముగా మోసము కాదనియు చెప్పి, గుఱ్ఱపు దృష్టాంతము నిచ్చినది. దోషమున్న గుఱ్ఱమును ఒకడు వేలములో అమ్ముచు ఏమియు పలుకకున్న మోసము కాదు. కొనునది తన కుమార్తెయే యైనచో, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైనచో, చెప్పుట ఆ తండ్రికి విధి. కొనువాడు, 'నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదనియే యెంచెదను' అని పలికినపిమ్మట నోరు మెదపకున్న, ఆ మౌనము మాటతో సమానము. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టమును, కొన్ని మినహాయింపులతో, గుణదోష పరీక్ష కొనువాని భారమనియే యెంచినది. కాని హక్కు విషయమున ఈ సడలింపు లేదు. తనది కాని వస్తువును ఉన్నది ఉన్నట్లుగా అమ్మితినని ఎవ్వడును తప్పించుకొనలేడు. పాడైన వస్తువునకు గూడ పాత రసీదు వెదకి ఇచ్చుట అందువలన మంచి పద్ధతి.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున చట్టముకంటె సూక్ష్మముగా ఆలోచించిరని నాకు తోచును. కొన్న పిమ్మట మనస్సు మాఱి వస్తువును త్రిప్పియిచ్చుటను క్రీతానుశయమని ఒక ప్రత్యేక వివాదపదముగా ఎన్ని, పరీక్షించుటకు గడువులు పెట్టిరి. పాడి పశువునకు మూడు దినములు, బరువు లాగు పశువునకు ఐదు, ముత్యములు వజ్రములు పగడములకు ఏడు దినములని నారదుని విధి. యాజ్ఞవల్క్యుడు విత్తనములకు పది దినములును, ఇనుమునకు ఒక్క దినమును ఇచ్చెను. ఆయన స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను, దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చెను. నేటికిని మన కంప్యూటరు బజారులో పాత సరకు అమ్మువారు "టెస్టింగు వారంటీ" అని వారమో పది దినములో గడువిచ్చుట ఆ జాతి ఆచారమే. ఐతే నారదుడు వెంటనే మఱియొక మాట చేర్చెను: కట్టి విడిచి చిఱిగి మాసిన బట్టను, ఆ దోషములు కన్నులార కనబడుచుండగా కొన్నవానికి, దానిని అమ్మినవానికి త్రిప్పియిచ్చు హక్కు లేదు. మనము నేడు ముచ్చటించుకొనుచున్న విక్రయమునకు అంతకన్న స్పష్టమైన సూత్రమును నే నెఱుగను. గమనింపదగినదేమన, ఆ నియమము దోషము కనబడుచుండుటపై ఆధారపడి యున్నది. మాసిన బట్టకు మాపు పైనే కనబడును. బోర్డునందలి దోషము లోపల నుండును. లోపలిదానిని పైకి తెచ్చి చూపగలిగినది అమ్మువాని మాటయే యగుటచేత, ఆ మాట లేనిచో వాపసు లేదనుటకు అతనికి ధర్మబలము చాలదు.

ఈ వ్యాపారమున మిక్కిలి చెడ్డపేరు తెచ్చుకొన్న మాట ఒకటి కలదు: "టెస్టు చేయలేదు." పరీక్షింపని వస్తువులు లోకమున ఉండవని నేననను. కాని ప్రాసెసరు, మెమరీ, పవర్ సప్లయి అన్నియు ఇంటిలో నున్నవాడు, ఐదు నిమిషములలో తేలు సంగతిని తేల్చుకొనక, పనిచేసిన వేయి రూపాయలకు పోవు వస్తువును నూటికి అమ్మజూపుచున్నాడన్న, అతడు పరీక్షించినాడనియు, ఫలితము అతనికి నచ్చలేదనియు అనుభవజ్ఞులు గ్రహింతురు. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అని సామెత చెప్పుకొని కొందఱు ఈ చిన్న అబద్ధమును సమర్థించుకొందురు. అక్కఱలేదు. "నేను ప్రయత్నించితిని, లేవలేదు, అంతకుమించి నాకు తెలియదు" అన్నవానికే, విచిత్రముగా, ఒక పది రూపాయ లెక్కువ వచ్చును. ఏలయన కొనువాడు ఆ పరీక్షకు పట్టు కాలమును మిగుల్చుకొనుచున్నాడు. అట్లే చూచినదానిని చూచినట్లును, ఊహించినదానిని ఊహగాను వేఱుపఱచి చెప్పవలెను. "బయాస్ చిప్పు పోయినట్లున్నది" అని ఎవరో అన్నమాటను నిశ్చయముగా వ్రాసినచో, కొన్నవాడు ఆ ఎనిమిది కాళ్ల చిప్పును తీసి మరల వ్రాయుటలో రెండు రాత్రులు పోగొట్టుకొనును.

మఱియొక సంగతి: అమ్మదలచిన బోర్డును మీరు బాగుచేయ యత్నింపకుడు. ఇది నిరుత్సాహపఱచుట కాదు. నేర్చుకొనగోరువారు నేర్చుకొనవచ్చును, కాని నేర్చుకొన్న బోర్డును అన్యులకు అమ్మునప్పుడు ఆ మాట చెప్పవలెను. చెడిన బోర్డును వంటింటి ఓవెనులో కాల్చిన సోల్డరు కరగి అతుకులు కుదురుకొనునను ఒక వైద్యము కొంతకాలముగా ప్రచారమున నున్నది. పాత సీసపు సోల్డరు 183 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగును. ఐరోపాలో 2006 జూలై 1వ తేదీనుండి సీసమునకు నిషేధము వచ్చినపిమ్మట లోకమంతట వ్యాపించిన సీసరహితపు సోల్డరు సుమారు 217 డిగ్రీలకు గాని కరగదు. ఆ వేడిమి చేరులోపుననే ప్లాస్టికు కనెక్టర్లు వంకరపోవును, కెపాసిటర్లు ఎండిపోవును, ఓవెను మరల వంటకు పనికిరాదు. ఒకప్పుడు అది కొంతకాలము ఫలించినట్లు కనబడి, మరల మొదటికి వచ్చును. కాల్చిన బోర్డును కాల్చినట్లు చెప్పక అమ్ముట, నా దృష్టిలో, చట్టము చెప్పిన కప్పిపుచ్చుటయే. బోర్డు కాలము చెప్పుట గూడ ఇందుకే అవసరము. సీసపు కాలపుదో, తరువాతిదో తెలిసినచో ఎంత వేడి పెట్టవలెనో కొన్నవాడు ముందే నిర్ణయించుకొనగలడు.

దాచునప్పుడు జాగ్రత్త అక్కఱలేదని భావింపరాదు. 486 కాలపు బోర్డులలోను, అమిగా వంటి కంప్యూటర్లలోను గడియారము నడుపుటకై పీపాయి ఆకారపు నికెల్ కాడ్మియం బ్యాటరీని సోల్డరు చేసి యుంచెడివారు. కాలక్రమమున అది కారి, ఆ క్షారము రాగి దారులను పచ్చని చిలుముగా మార్చి తినివేయును. ఇట్టిది మీ అటకమీద నున్నచో, అమ్మినను అమ్మకున్నను, ఆ బ్యాటరీని నేడే కత్తిరించి తీయుడు. తరువాతి బోర్డులలోని నాణెమువంటి సి.ఆర్.2032 అంతటి దుర్మార్గురాలు కాదు.

ఫోటోలు రెండు వైపులవియు తీయవలెను; అడుగుభాగమును చూపనివానిని కొనువారు అనుమానింతురు. 2004లో ఇంటెల్‌వారు తెచ్చిన 775 కాళ్ల సాకెట్టు నాటినుండి, అంతకుముందు ప్రాసెసరునకు ఉండిన సన్నని సూదులు బోర్డుమీదికి వచ్చినవి; వానిలో ఒక్కటి వంగినను చిక్కే. కనుక సాకెట్టును దగ్గఱనుండి, ఏటవాలు వెలుగులో, స్పష్టముగా తీసి చూపుడు. పంపునప్పుడు దానిపై ప్లాస్టికు మూత తప్పక పెట్టుడు. మూత లేక పంపబడిన మంచి సాకెట్టు దారిలోనే చెడుట సామాన్యము. అప్పుడు మీరు చెప్పిన వృత్తాంతమంతయు అబద్ధమైపోవును. వెండివన్నె యాంటీస్టాటిక్ సంచి, దానిపై మెత్తని పొర, గట్టి అట్టపెట్టె చాలును. సామాన్యముగా డెస్క్‌టాప్ బోర్డునందు మీ దస్తావేజులేవియు ఉండవు. అవి డిస్కులో నుండును. కాని కొన్ని ల్యాప్‌టాప్‌లలోను, పలక కంప్యూటర్లలోను ఆ నిలువ చిప్పు బోర్డునకే సోల్డరు చేయబడి యుండును. అట్టిదానిని బాగుచేయగలవానికి అమ్ముటయనగా, మీ ఫోటోలను, బ్యాంకు కాగితములను గూడ బాగుచేసి చూచుకొమ్మని ఇచ్చుటయే. అది యమ్మకుండుట మేలు. బయాస్‌నకు పాస్‌వర్డు పెట్టియున్నచో దానిని గూడ చీటిలో వ్రాయుడు.

వెల విషయమున పెద్దగా చెప్పవలసినది లేదు. పనిచేయు బోర్డు వెలలో సగము కోరువాడు నిరాశ చెందును. తూకపు ధరకంటె కొంచెము పైన మొదలుపెట్టి, వృత్తాంతపు బలమునుబట్టి పెంచుకొనవచ్చును. ఆ తూకపు ధర వెనుకనున్న లోకము మాత్రము ఒక్కసారి తలచుకొనదగినది. 2022లో ప్రపంచమున పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులనియు, అందు క్రమమైన పద్ధతిలో సేకరింపబడినది నాలుగవ వంతు కూడ లేదనియు ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. మన ఊరి తక్కెడనుండి బయలుదేరిన బోర్డులు ఢిల్లీలోని సీలంపూరు వంటి పేటలలో విప్పబడి, రామగంగా తీరమున మొరాదాబాదు వంటి పట్టణములలో, రాగి కొఱకును బంగారపు పూత కొఱకును కాల్చబడుచు, ఆమ్లములలో ముంచబడుచు వచ్చినవి. ఆ పనివారి చేతులు, వారి ఊపిరితిత్తులు మనకు కనబడవు. ఒక బోర్డు ఒక కుఱ్ఱవాని బల్లమీదికి పోయినంతమాత్రాన ఆ రాశి తఱుగునని నేను చెప్పబోను. లెక్క తెలిసినవారు నవ్వుదురు. ఐనను ఆ బోర్డు మట్టుకు మంటలోనికి పోలేదు.

బేరము కుదిరినపిమ్మట చీటి వ్రాసి ఇచ్చుట మంచిది. ఆ పాలిటెక్నిక్ కుఱ్ఱవానికి నేను వ్రాసినదానిని చదివెదను: "ఈ మదర్‌బోర్డు నాది. 2004 ప్రాంతమున కొన్నది. ఇప్పుడు పనిచేయుటలేదు. చెడుటకు ముందు కొన్ని నెలలు ఉదయపువేళ లేచుటకు మొరాయించెను. నడుమ నడుమ తనంతట ఆగి మరల మొదలయ్యెడిది. వాసన గాని చప్పుడు గాని లేదు. ప్రాసెసరు ప్రక్కనున్న కెపాసిటర్ల తలలు ఉబ్బినవి. ఇతర దోషములున్నవో లేవో నాకు తెలియదు. ఏ భాగమును తీయలేదు, ఎవ్వరిచేతను మరమ్మతు చేయింపలేదు. ఉన్నది ఉన్నట్లుగా అమ్మితిని, వాపసు లేదు." కుఱ్ఱవాడు దానిని రెండుమాఱులు చదివి, జేబులో పెట్టుకొనక, మరల నా చేతికే ఇచ్చెను.

"ఇంకొక్క ముక్క రాయండి సార్. బాగైతే మీరు మళ్లీ వచ్చి అడగకూడదు."

నియమము ఇరువురకును సమానమనుట అతని తాత్పర్యము. పది రూపాయల కెపాసిటరుతో ఆ బోర్డు లేచికూర్చుండినను, నాకు దానిపై హక్కు గాని, ఎక్కువ వెల కోరుటకు నోరు గాని ఉండరాదు. ఆ ముక్కయు వ్రాసి, క్రింద సంతకము చేసి ఇచ్చితిని.